కడుపులో తిప్పని జీపు

మూఢం వచ్చిందంటే లోకమంతా మొహం ముడుచుకుంటుంది గానీ మా ఇంట్లో మాత్రం పండగ. మాది గుణదలలో టెంట్ హౌస్. షామియానాలు, కుర్చీలు, గుండిగలు, గుంజలు, తాళ్ళు... పెళ్ళికి పెళ్ళికూతురు తప్ప తక్కినవన్నీ మా దగ్గర దొరుకుతాయని మా ఆయన గొప్పగా చెప్పుకునేవారు. మేం మేరీమాత కొండ కింద బతికేవాళ్ళం, మూఢాలూ ముహూర్తాలూ మాకు లేవు. మా బేరాలకి మాత్రం ఉన్నాయి. పంతులుగార్లు పంచాంగం చూసి ఇక ముహూర్తాల్లేవనగానే పెళ్ళిళ్ళు ఆగిపోయేవి, మా షామియానాలన్నీ మడతపడి గోడకి చేరేవి. అప్పుడు మావాళ్ళు అందులోంచి ఒక మంచి షామియానా తీసి, గుండిగలూ బియ్యమూ అద్దె లారీలో పడేసుకుని సముద్రానికి బయల్దేరేవాళ్ళు. హంసలదీవి దగ్గర సరుగుడు తోటల పక్కన, ఇసుకలో టెంటు వేసుకుని నాలుగైదు రోజులుండి వచ్చేవాళ్ళు. ఏడాదంతా ఊరందరికీ పందిళ్ళు వేసేవాళ్ళం, ఆ నాలుగు రోజులూ మాకోసం మేం వేసుకునే పందిరి అది.

మావాళ్ళు అంటే మా ఆయన, మా అత్తగారు, మా అమ్మాయి. నేను కాదు.

నాకు బండి పడదు. బస్సూ, లారీ, కారూ, ఆటో, ఏదెక్కినా కాసేపటికి నోట్లో నీళ్ళూరి, కడుపులో తిప్పి, మొహం కిటికీలోంచి బయట పెట్టాల్సిందే. రైలయితే ఏం చెయ్యదు. రిక్షా అయినా ఏం చెయ్యదు. కానీ హంసలదీవికి రైలు లేదు, రిక్షాలో పోతే చేరేలోపు మూఢం కాస్తా వెళ్ళిపోతుంది. పెళ్ళయిన కొత్తలో ఒకే ఒక్కసారి సాహసం చేసి లారీలో డ్రైవరు పక్కన కూర్చున్నాను. పోరంకి దాటకముందే డ్రైవరు బండి పక్కకి ఆపి, "అమ్మగారూ, మీరు దిగుతారా, నన్ను దిగమంటారా?" అన్నాడు. నేనే దిగి రిక్షా చేసుకుని ఇంటికొచ్చాను.

"అదంతా మనసులోదేనే. గట్టిగా అనుకుంటే ఏం కాదు" అనేవారు మా ఆయన. ఆయన మాత్రం క్యాబిన్‌లో ఉక్కగా ఉంటుందని చెప్పి లారీ పైకెక్కి, షామియానా మూటల మీద దర్జాగా కూర్చుని వెళ్ళేవారు. తనదాకా వస్తే తెలుస్తుందిలే అనుకుని పళ్ళు కొరుక్కునేదాన్ని.

వాళ్ళు వెళ్ళాక ఇంట్లో నేనొక్కదాన్నే. ఒక్కదానికి వండుకోవడం నాకు చేతకాదు, మా గుండిగల మధ్య చిన్న గిన్నె వెతుక్కోవడమే ఒక పని. తిరిగొచ్చేటప్పుడు మా అమ్మాయి సీసా నిండా సముద్రం నీళ్ళు పట్టుకొచ్చేది. "అమ్మా, ఇది నీ సముద్రం" అని చేతికిచ్చేది. నేను మూత తీసి వాసన చూసి, ఒక చుక్క నాలిక మీద వేసుకుని, "అబ్బ, ఎంత బాగుందో" అనేదాన్ని. ఆ సీసా మేరీమాత బొమ్మ పక్కన పెట్టేదాన్ని. మళ్ళీ మూఢం దాకా అదే నాకు సముద్రం.

ఒక ఏడాది అమ్మాయి ఉత్త చేతులతో వచ్చింది. పీతల పులుసు గురించి చెప్పింది, అలలు నాయనమ్మని ఎలా పడేశాయో యాక్షన్ చేసి చూపించింది, నేను నవ్వాను. చాలాసేపయ్యాక నాలిక కరుచుకుని, "అయ్యో అమ్మా, సీసా మర్చిపోయా. వచ్చేసారి మర్చిపోనుగా, ఒట్టు" అంది. అందులో పిల్ల తప్పేముంది? పెద్దదవుతోంది. కానీ నా ప్రాణం చివుక్కుమంది. వాళ్ళ సముద్రంలో నేను లేకపోవడం వాళ్ళకి అలవాటైపోయింది. ఇంకో రెండేళ్ళు పోతే సీసా మాట కూడా ఎవరికీ గుర్తుండదు. వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. ఏడుస్తుంటే మా ఆయన చూశారు.

ఆ వారమే ఆయన ఆటోనగర్ వెళ్ళడం మొదలుపెట్టారు. లారీల వాళ్ళనీ ట్రాక్టర్ల వాళ్ళనీ బతిమాలే బాధ లేకుండా పాత డీజిల్ జీపొకటి కొని, వెనక ట్రైలరు తగిలించి, సామానంతా మనమే లాక్కుపోదాం అన్న ఆలోచన ఆయనకి ఎప్పటినుంచో ఉంది. తొంభైల చివరి రోజులవి, ఆటోనగర్‌లో పాత జీపులకి కొదవ లేదు. ఇప్పుడా ఆలోచనకి ఇంకో షరతు వచ్చి చేరింది. "ఇంజను ఎట్టా ఉన్నా పర్లేదు, బాగుచేయించుకుంటా. మా ఆవిడకి వాంతి కాని బండి కావాలి" అని బ్రోకరుకి చెప్పారట.

ఆ బ్రోకరు ముప్పై ఏళ్ళుగా బండ్లమ్ముతున్న మనిషి. ఇలాంటి బేరం పుట్టి బుద్ధెరిగాక చూడలేదన్నాడు. "బండి కొనేవాళ్ళు టైర్లు చూస్తారండీ, పొగ చూస్తారండీ. పెళ్ళాం కడుపు ఎవరు చూస్తారండీ?" అని నా ముందే అడిగాడు. మా ఆయన ఏమాత్రం సిగ్గుపడలేదు. అందుకు నాకు ఆయన మీద ముద్దొచ్చింది, ఆ మాట ఆయనతో చెప్పలేదనుకోండి.

ఇక మొదలైంది నా పరీక్ష. ఏ జీపు చూపించినా నేను చేతిలో నిమ్మకాయ పట్టుకుని ఎక్కాలి, ఆయన నడపాలి, వెనక మా అత్తగారూ అమ్మాయీ కూర్చుని నా మొహం వంక చూస్తుండాలి. "డాక్టరుగారి బండమ్మా, పూలపాన్పు మీద కూచున్నట్టుంటది" అన్నాడు బ్రోకరు ఒకదాని గురించి. ఆ పూలపాన్పు నన్ను రెండు వీధులు కూడా దాటించలేదు. ఇంకోదానికి కొత్త సీట్లు వేయించారు, ఆ రెక్సిన్ వాసనకి ఎక్కకుండానే తిప్పింది. చూసినవాళ్ళల్లా తలో మందూ చెప్పేవాళ్ళు. ఒకరు అల్లం మురబ్బా అన్నారు, ఒకరు చింతపండు చప్పరించమన్నారు, ముందు సీట్లో కూర్చోమని ఒకరు, కళ్ళు మూసుకోమని ఒకరు. అన్నీ చేశాను. అందరి కొత్త బండ్లకీ నిమ్మకాయ చక్రం కింద పెడతారు, మా ఖర్మకి అది నా చేతిలో ఉండేది.

చివరికి ఒక శుక్రవారం మధ్యాహ్నం, ఆటోనగర్ చివర ఖాళీ స్థలంలో ఒక పొడుగు జీపు చూపించాడు. రంగు వెలిసిపోయింది గానీ ఒళ్ళు గట్టిది, ట్రైలరు తగిలించుకునే కొక్కెం కూడా అప్పటికే ఉంది. బ్యాటరీ మాత్రం చచ్చింది. "తోస్తే గుర్రమేనండీ" అన్నాడు బ్రోకరు. తొయ్యడానికి మనుషులేరీ? షెడ్లలో పనిచేసేవాళ్ళు చాలామంది జుమ్మా నమాజుకి వెళ్ళారు. మిగిలింది మా ఆయనా, బ్రోకరూ. ఇద్దరూ తోస్తే లోపల ఒక మనిషి కావాలి.

"నువ్వెక్కవే" అన్నారు మా ఆయన.

"నేనా?"

"చేసేదేం లేదు. ఇదుగో, ఈ క్లచ్ తొక్కిపట్టి కూచో. గేరు నే వేసిపెడతా. నేను ఊ అనగానే కాలు తీసెయ్. అంతే."

నిమ్మకాయ ఒళ్ళో పెట్టుకుని స్టీరింగు ముందు కూర్చున్నాను. ఇద్దరూ ఆయాసపడుతూ తోశారు. "ఊ!" అని అరిచారు. కాలు తీసేశాను. జీపు ఒక్క కుదుపు కుదిపి, నల్లగా పొగ వదిలి, బయల్దేరింది.

బయల్దేరడం ఎలాగో చెప్పారు గానీ ఆపడం ఎలాగో చెప్పలేదు మహానుభావుడు! డీజిల్ బండి, ఏమీ తొక్కకపోయినా దానంతటదే ఎద్దులాగా నడుస్తోంది. ఎదురుగా గోడ. ఏం చెయ్యను? స్టీరింగు తిప్పాను. గోడ పోయి పాత టైర్ల గుట్ట వచ్చింది. మళ్ళీ తిప్పాను. మా ఆయన పక్కనే పరిగెత్తుతూ "బ్రేకే! బ్రేకు తొక్కవే!" అని అరుస్తున్నారు. "ఏది బ్రేకు? మూడున్నాయి!" అని నేనూ అరిచాను. "నడిమిదే తల్లీ, నడిమిది!" అని బ్రోకరు ఎక్కడో వెనకనుంచి. ఆ హడావిడిలో ఎవరి మాట ఎవరికి వినిపిస్తుంది? గోడ దగ్గర తిప్పడం, టైర్ల దగ్గర తిప్పడం, అలా ఆ స్థలమంతా గుండ్రంగా తిరుగుతూనే ఉన్నాను. ఈలోగా నమాజునుంచి వచ్చినవాళ్ళు టోపీలు జేబులో పెట్టుకుంటూ వరసగా నిలబడ్డారు. మా అమ్మాయి చప్పట్లు కొడుతోంది. మా అత్తగారు "యేసయ్యా, యేసయ్యా" అంటున్నారు.

చివరికి నడుమదేదో కాలికి తగిలింది. గట్టిగా తొక్కాను. జీపు గుర్రుమని కొట్టుకుని ఆగిపోయింది.

చెమటలు కారిపోతున్నాయి. మా ఆయన వచ్చి తలుపు పట్టుకుని నోరు తెరిచి రొప్పుతున్నారు. మా అత్తగారు మాత్రం నా మొహంలోకి వింతగా చూసి, "అమ్మాయ్, నీ నిమ్మకాయేదే?" అన్నారు.

ఒళ్ళో లేదు. వెతికితే నేల మీద, చక్రం కింద పడి చితికిపోయి ఉంది. రెండు చేతులూ స్టీరింగుకే సరిపోతే ఇక నిమ్మకాయ ఎవరికి గుర్తుంటుంది? "అమ్మగారే తొక్కించేశారండీ, ఇంక దిష్టి తీసినట్టే" అని బ్రోకరు పకపకా నవ్వాడు. అప్పుడు తట్టింది నాకు. అన్ని తిరుగుళ్ళు తిరిగాను, అంత పొగ పీల్చాను, నోట్లో నీళ్ళూరలేదు. కడుపు కదల్లేదు. ఆకలి మాత్రం దంచేస్తోంది.

"బండి దొరికిందే!" అని మా ఆయన ఎగిరి గంతేశారు. అక్కడికక్కడే బేరం కుదిర్చేశారు. ఇంటికి ఆయన నడుపుతుంటే పక్కన రాణీలాగా కూర్చున్నాను. రామవరప్పాడు దగ్గర కిటికీలోంచి మొహం బయట పెట్టాను.

ఆ సాయంత్రం అందరం మా ఇంటి అరుగు మీద చేరాం. ముందుగా మా అత్తగారే అన్నారు. "ఒరేయ్, బండిలో ఏం లేదు. అది నడిపితే దానికి బాగుంటంది. నువ్వు నడిపితే కక్కుతంది."

మా ఆయన తల దించుకుని కూర్చున్నారు. జీపు స్టీరింగు పట్టుకుని, ట్రైలరు వెనక గలగలలాడుతుంటే బందరు రోడ్డు మీద పోవాలని ఆయన ఎన్నేళ్ళుగా కలలు కన్నారో నాకు తెలుసు. అందుకే నడుపుతానని నేను అడగలేదు. "ఆడమనిషి జీపు తోలితే గుణదలంతా చూస్తారు" అన్నారాయన మెల్లగా.

"చూడనీరా. మన టెంటు కింద కూచుని మన కుర్చీల్లో తిని పోయినోళ్ళే కదా అందరూ" అన్నారు మా అత్తగారు.

ఆయన లేచి లోపలికి వెళ్తూ, "పొద్దున్నే లే. క్లచ్ నేర్పుతా" అన్నారు నాతో. ఆ ఒక్క మాటకి నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

మొగుడి దగ్గర డ్రైవింగు నేర్చుకోవడం కంటే పులి నోట్లో తల పెట్టడం మేలు. చర్చి వెనక మైదానంలో మేం పోట్లాడుకుంటుంటే ఫాదర్ గారు ఒకసారి విడిపించడానికి కూడా వచ్చారు. కానీ నేర్చుకున్నాను. ఆయనకి లొంగనిదీ నాకు లొంగిందీ ఒకటుంది: ట్రైలరు తగిలించి వెనక్కి నడపడం. ట్రైలరు ఎడమకి పోవాలంటే స్టీరింగు కుడికి తిప్పాలి. మా ఆయన ఎన్నిసార్లు చేసినా ట్రైలరు మెలితిరిగి అడ్డంగా నిలబడేది. నాకేమో రెండో రోజుకే పట్టుబడింది. మా అత్తగారిని దేనికైనా ఒప్పించాలంటే ఎప్పుడూ అదే పద్ధతి మరి. ఆ మాటంటే ఆవిడే అందరికంటే ముందు నవ్వారు. లైసెన్సు పరీక్షకి వెళ్తే అక్కడి ఆఫీసరు జీపు చుట్టూ చూసి, "డ్రైవరేడమ్మా?" అన్నాడు. "డ్రైవరమ్మే ఉందండీ" అన్నాను. వెనక్కి నడిపి చూపిస్తే కాగితం మీద సంతకం పెట్టేశాడు.

తర్వాతి మూఢం చలికాలంలో వచ్చింది. బయల్దేరే రోజు తెల్లవారుజామున ఫాదర్ గారు జీపు మీద తీర్థం చల్లి ప్రార్థన చేశారు. షామియానా, గుంజలు, గుండిగలు, చాపలు అన్నీ ట్రైలర్లోకి ఎక్కించాం. మా అత్తగారూ అమ్మాయీ వెనక సీట్లో, ఆయన నా పక్కన. పోరంకి వచ్చినప్పుడు స్టీరింగు ఇంకా గట్టిగా పట్టుకున్నాను. పోరంకి వెళ్ళిపోయింది. కంకిపాడూ వెళ్ళిపోయింది. పెళ్ళయినప్పటినుంచీ నేను దాటని ఊళ్ళు ఒక్కొక్కటే నా కాళ్ళ కిందనుంచి వెనక్కి పోతుంటే గట్టిగా కేక పెట్టాలనిపించింది. పెట్టాను కూడా. ఎదురొచ్చే ఎడ్లబండి ఆసామి దడుసుకున్నాడు.

మా ఆయన మాత్రం ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్నారు. నా డ్రైవింగు మీద కోపమేమో అనుకున్నాను. కాసేపు కాలితో ఉత్త నేలని బ్రేకులా తొక్కారు. తర్వాత అదీ మానేశారు. ఉయ్యూరులో చెరుకు ఆడుతున్నారు, ఫ్యాక్టరీ నుంచి మడ్డి వాసన రోడ్డంతా కమ్మేసింది. ఇక్కడ నా పని అయిపోతుందని ఊపిరి బిగబట్టాను. నాకేం కాలేదు. పక్కనుంచి సన్నగా వినిపించింది.

"ఆపవే."

"ఎందుకండీ?"

"ఆపవే తల్లీ, ఆపు!"

ఆపీ ఆపకముందే దూకి, చెరుకు లోడు పక్కన గట్టు మీద కూర్చుని కక్కుకోవడం మొదలుపెట్టారు. నేను స్టీరింగు పట్టుకుని నోరెళ్ళబెట్టాను. మా అత్తగారు తాపీగా రొంటినున్న నిమ్మకాయ తీశారు.

"నాకు తెలుసు ఇట్టా అయిద్దని. చిన్నప్పుడు బస్సెక్కితే ఇంతేగా వీడు. అందుకేగా మీసాలు రాకముందే డ్రైవింగు నేర్చుకుంది. లేపోతే లారీ పైకెక్కి గాలికి కూచుంటాడు."

ఇన్నేళ్ళూ! ఇన్నేళ్ళూ నాకు 'మనసులోదే' అని పాఠాలు చెప్పిన మనిషి! కోపం రావాలి కదా, రాలేదు. నవ్వొచ్చింది, పొట్ట పట్టుకుని నవ్వాను. దిగి వెళ్ళి నీళ్ళిచ్చి, నిమ్మకాయ చేతిలో పెట్టి, వీపు నిమురుతూ, "అదంతా మనసులోదేనండీ. గట్టిగా అనుకుంటే ఏం కాదు" అన్నాను.

ఆయన తలెత్తి నన్ను చూశారు. "చెప్తే పరువు పోద్దనుకున్నానే" అని, ఆయనా నవ్వేశారు.

ఇప్పుడు సమస్య వచ్చిపడింది. ఉన్నది ఒకటే స్టీరింగు, పట్టుకోవాల్సిన వాళ్ళం ఇద్దరం. "నువ్వే నడుపుతావా?" అన్నాన్నేను. అప్పుడప్పుడూ అలా నోరు జారి నువ్వు అనేస్తుంటాను. నిజంగానే డ్రైవరు వైపు తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాను. ఆయన జీపు వంక చూశారు, నా వంక చూశారు. చూసి, వెళ్ళి ట్రైలరెక్కారు. షామియానా మూటల మీద చతికిలబడి, తలకి తువ్వాలు చుట్టుకుని, "పోనీ, పోనీ! గాలి బెమ్మాండంగా ఉందిక్కడ" అని అరిచారు. సముద్రం దాకా అలాగే వచ్చారు.

పామర్రు, చల్లపల్లి, మోపిదేవి. కోతలైన చేలల్లో మినుము పచ్చగా లేచింది. అవనిగడ్డ సెంటర్లో జనం ముందు నన్ను చూశారు, తర్వాత వెనక మూటల మీదున్న ఆయన్ని చూశారు. "ఎవరండీ ఆవిడా?" అని ఎవరో అడిగితే, "మా డ్రైవరమ్మగారండీ!" అని ఆయన గొంతెత్తి చెప్పడం నాకు వినిపించింది. కోడూరు దాటాక రొయ్యల చెరువులు మొదలయ్యాయి, గాలిలో ఉప్పు వాసన. ఆ వాసన నాకు తెలుసు. ఎన్నో ఏళ్ళుగా మూత తీసి చూసిన వాసన.

ఇసుక దగ్గర జీపు ఆపాను. టెంటు వెయ్యాలి, గుంజలు పాతాలి, మా కుటుంబంలో ముందు పని, తర్వాతే ఆట. "ఆ గుంజల సంగతి మేం చూసుకుంటాం, నువ్వు పో" అన్నారు మా అత్తగారు. చెప్పులు జీపు కిందే వదిలేసి నడిచాను. సరుగుడు చెట్లు దాటాను. అంతే, ఎదురుగా ఉంది.

ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. చీర మోకాళ్ళ దాకా తడిసింది. అల వచ్చి కాళ్ళ కింది ఇసుక లాగేస్తుంటే భయమూ నవ్వూ కలిసి వచ్చాయి. నీళ్ళు ఇన్నా! సీసాలో చూసి ఏదో అనుకున్నాను. కళ్ళు తుడుచుకోలేదు, తుడుచుకోవడానికి పొడిగా ఉన్న కొంగే లేదు.

ఇంతలో పక్కన మా అమ్మాయి వంగి ఏదో చేస్తోంది. లేచి నిలబడింది. చేతిలో సీసా, నిండా నీళ్ళు. మూత బిగిస్తూ టెంటు వైపు తిరిగి, "నాయనమ్మా! ఈసారి మర్చిపోలా! అమ్మకి సముద్రం నింపా!" అని గావుకేక పెట్టింది.

పెట్టి, నన్ను చూసింది. నేను దాన్ని చూశాను. దాని నోరు అలాగే తెరుచుకుని ఉండిపోయింది. సీసా వంక చూసుకుంది, నా వంక చూసింది.

"మాటిచ్చా కదమ్మా" అంది.

అని, మూత తీసి, మునివేళ్ళ మీద లేచి, సీసా మొత్తం నా నెత్తిన కుమ్మరించింది. ఇద్దరం నవ్వుతూ నీళ్ళల్లో పడ్డాం. పెదాల మీదికి కారిన నీళ్ళు నాలికకి తగిలాయి. ఇంటి దగ్గర నాలిక మీద వేసుకున్న చుక్కల కంటే చాలా ఉప్పగా ఉన్నాయి.